ఐదువందల హెర్ట్జ్ ఫిల్టర్ ఆత్మకథ

నేను క్వార్ట్జ్ ఫిల్టర్‌ని. చిన్న రేకు పెట్టెలో వరసగా బిగించిన కొన్ని స్ఫటికపు పలకలు, అంతే నా ఒళ్లు. పైన వైకే-88సి అని ముద్ర. 8.83 మెగాహెర్ట్జ్ దగ్గర కాపు కాసి, 500 హెర్ట్జ్ వెడల్పు మేర సిగ్నళ్లని వదిలి మిగతావాటిని ఆపడం నా పని. కెన్‌వుడ్ టీఎస్-830ఎస్ హామ్ రేడియో రిగ్‌తో మాటలు వినడానికి సరిపడే వెడల్పాటి ఫిల్టర్ ఎలాగూ వచ్చేది. నన్ను మాత్రం మోర్స్ మీద ప్రేమ ఉన్నవాళ్లు విడిగా కొనుక్కునేవారు. కాకినాడలో మా పెద్దాయన అలాగే తెప్పించుకుని తన చేత్తో సాల్డర్ చేసి బోర్డు మీద కూర్చోబెట్టారు. అక్కడ చోటు ఒక్కరికే. నేనా, 270 హెర్ట్జ్‌ల నా తమ్ముడా అన్నప్పుడు ఆయన నన్నే ఎంచుకున్నారు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

నవంబరు చివరి శని, ఆదివారాల్లో సీక్యూ వరల్డ్ వైడ్ మోర్స్ కాంటెస్ట్ జరుగుతుంది. మన గడియారంలో శనివారం తెల్లవారుజామున 5:30కి మొదలైతే 48 గంటలు. ఇండియా 22వ జోన్ కనుక పెద్దాయన పలికినవాళ్లందరికీ సిగ్నల్ రిపోర్టూ జోనూ కలిపి ‘5ఎన్ఎన్ 22’ కొట్టేవారు. 14 మెగాహెర్ట్జ్ మీద మాటల ఫిల్టర్‌తో వింటే నాలుగైదు స్టేషన్లు ఒక్కసారే చెవిలో పడేవి. నన్ను స్విచ్ చేయగానే ఆ గోల విడిపోయి, కావలసిన కాల్‌సైన్ తేలేది. చెవి దగ్గర వడగట్టే ఆడియో ఫిల్టర్లూ ఉన్నాయి కానీ, అవి అందుకునేలోపే పక్కనున్న బలమైన సిగ్నల్, రిసీవర్ శక్తిని సర్దే ఏజీసీని లాగేస్తుంది. రిసీవర్ తన శక్తి తానే తగ్గించుకుంటుంది, దూరపు స్టేషన్ అడుగున పడిపోతుంది. నేను ఏజీసీ కంటే ముందే నిలబడి ఆ పక్కవాడిని ఆపేస్తాను.

ఇంకా సన్నగా ఉంటే ఇంకా మేలు కదా అని చాలామంది అనుకుంటారు. సెలవులకి వచ్చిన మనవడూ అదే అడిగాడు.

“సన్నగా పెడితే శుభ్రంగా వినిపిస్తుంది కదా తాతయ్యా?”

“శుభ్రంగానే వినిపిస్తుందిరా. మనల్ని పిలిచినవాడే వినపడడు.”

పెద్దాయన ఒక ఫ్రీక్వెన్సీ పట్టుకుని సీక్యూ, అంటే ఎవరైనా పలకండనే పిలుపు, కొడుతున్నప్పుడు జవాబిచ్చేవాళ్లు సరిగ్గా దానిమీదే రారు. ఒకరు 150 హెర్ట్జ్ పైన, ఇంకొకరు 200 కింద. 800 హెర్ట్జ్ స్వరాన్ని నడుమ పెట్టుకుంటే నాలోంచి 550 నుంచి 1050 దాకా వినబడుతుంది. ముగ్గురు ఒకేసారి పిలిచినా ముగ్గురివీ మూడు స్వరాలు. చెవే వాళ్లని విడదీసుకుంటుంది. ఇప్పుడు స్టేషన్ల ఫ్రీక్వెన్సీలు కంప్యూటర్ తెర మీద కనిపిస్తున్నాయి, వాటిని నొక్కినవాళ్లంతా ఒకే బిందువు మీద దిగి ఒకే స్వరమై కలిసిపోతున్నారు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కావాలనే ఓ 100 హెర్ట్జ్ జరిగి పిలుస్తారు. అలా జరిగినవాడిని 150 హెర్ట్జ్ ఫిల్టర్ బయటే ఆపేస్తుంది. పక్కకి ఎవరైనా దూరి మన చోటు ఆక్రమిస్తున్నా దానికి తెలియదు.

సన్నదనానికి ఇంకో బాధ ఉంది. నిమిషానికి 30 మాటల వేగంలో ఒక డాట్ సెకనులో 25వ వంతు. 100 హెర్ట్జ్ ఫిల్టర్‌లో సిగ్నల్ లేవడానికీ, అణగడానికీ చెరో సెకనులో 100వ వంతు దాకా పడుతుంది, అంటే డాట్‌లో పావు భాగం. గుడిగంట కొట్టి వదిలాక మోత మిగిలినట్టు డాట్ తోక తర్వాతి ఖాళీలోకి పాకుతుంది. నవంబరంటే మా తీరానికి తుఫాన్ల కాలం. 7 మెగాహెర్ట్జ్ మీద ఉరుముల చిటపటలు నాలోంచి టక్కున పోతాయి. మరీ సన్నటి ఫిల్టర్‌లో అవే సాగి అక్షరాన్ని మింగేస్తాయి. సరిగ్గా పక్కనే ఎవడైనా కూర్చున్నప్పుడు మాత్రం పెద్దాయన వీబీటీ నాబ్ తిప్పి వెడల్పు తగ్గించేవారు. పని కాగానే మళ్లీ వెనక్కి తిప్పేవారు. ఆ వెనక్కి తిప్పడం చాలామందికి గుర్తుండదు.

పెద్దాయన పోయాక రిగ్ మీద దుప్పటి కప్పారు. ఉప్పుగాలికి షాసీ తుప్పు పట్టింది. నాలుగు వర్షాకాలాలు గడిచాక ఇంట్లోవాళ్లు దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారు. మోర్స్‌కి వచ్చే ఆయన స్నేహితుడొకరు వాకిట్లో తూకం చూసి, బతిమాలి, నన్నొక్కదాన్నీ బోర్డు నుంచి ఊడదీసి మనవడి చేతిలో పెట్టారు. ఏ రాత్రి ఎవరెవరి కాల్‌సైన్లు నాలోంచి దాటాయో ఆ అబ్బాయికి తెలియదు. నన్ను మేకులు, పాత ఫ్యూజుల మధ్య పడేశాడు. నా ముద్ర సగం చెరిగింది.

ఇప్పుడు అతనికీ లైసెన్స్ ఉంది. కొత్త రిగ్‌లో ఫిల్టర్లన్నీ లెక్కలే. 50 హెర్ట్జ్ నుంచి 3000 దాకా ఎక్కడ కావాలంటే అక్కడ అంచు కోసినంత నిటారుగా నిలుస్తాయి. నేను అంత నిటారుగా ఏనాడూ లేను, ఒప్పుకుంటాను. కానీ వెడల్పు ఎంత ఉండాలో ఆ లెక్కలు చెప్పవు. కాంటెస్ట్ రాత్రి అతను దాన్ని 150 దగ్గర ఉంచి సీక్యూ కొట్టి, కొట్టి, “ఎవరూ పలకడం లేదేంటి?” అంటున్నాడు. 500కి జరుపు నాయనా. వాళ్లు పలుకుతున్నారు, కాస్త పక్కన.