అవ్వ బొంత: సటీక తాత్పర్యం

అవతారిక: పుష్యమాసపు చలి తలుపు తట్టగా, పెట్టె అడుగున పాత బట్టలు మూలుగుతుండగా, వాటిని స్టీలు గిన్నెల వాడికి వేద్దామని కోడలు అనగా, అవ్వ పక్షాన కవి చెప్పుచున్నాడు.

పాత చీర పరచి, పంచెను పొరజేసి,
రైక ముక్కలేర్చి, రంగు కూర్చి,
కుట్టు కుట్టుకొక్క కునుకు తీసిన యవ్వ
బొంత ముందు చలికి పులుపు చచ్చు!

టీక: పాత చీర = నూలు చీర. పాలిస్టర్ చీర అని ఎందుకు చెప్పుకోకూడదు? అది జారుతుంది, చెమట పీల్చదు కనుక. ‘పాత’ అన్న విశేషణం పాదపూరణకు వేసింది కాదు. ఎన్ని ఉతుకులు పడితే నూలు అంత మెత్తనవుతుంది. పసిబిడ్డ కిందికి బొంత కావలసి వస్తే అందరూ అవ్వ కట్టి విడిచిన చీర కోసమే వెతకడం లోకవిదితం.

పరచి = ఆరు గజాల చీరను మూడు మడతలు వేసి. మడతకు రెండు గజాలు. మనిషి కాళ్లు చాపుకోవచ్చు. తొమ్మిది గజాల చీరైతే నాలుగున్నర మడతలు వస్తాయి. ఆ అర మడత దిండు గలేబుకు పోతుందని సంప్రదాయజ్ఞులు.

పంచెను పొరజేసి = తాతగారి చిరిగిన పంచెను నడుమ పెట్టి. ఇది పద్యానికి ఆయువుపట్టు. పైకి కనిపించని చోట పంచె ఎందుకు? చిరుగులు దాచడానికని ఒకరు, తాతను అదుపులో పెట్టడానికని మరొకరు. రెండూ కాదు. బొంత వెచ్చదనం గుడ్డలో లేదు, పొరల మధ్య చిక్కుకున్న గాలిలో ఉంది. పొరలు పెరిగితే గాలి కదలక నిలుస్తుంది, ఒంటి వేడి బయటికి పోదు. కనుక చలిని ఆపే పనిలో సగం పంచెదే. వచ్చినవాళ్లు మాత్రం పైనున్న ముక్కలనే మెచ్చుకుంటారు. తాతగారు ఈ విషయమై ఏమీ అనలేదు.

రైక ముక్కలేర్చి, రంగు కూర్చి = స్పష్టము.

కుట్టు కుట్టుకు = అంచున మొదలుపెట్టి లోపలికి చుట్లు తిరుగుతూ వచ్చే పోగు కుట్టుకు. వరుసకూ వరుసకూ రెండు వేళ్ల ఎడం ఉండాలి. బెత్తెడు వదిలితే మొదటి ఉతుకులోనే పంచె ఒక మూలకు ఉండ చుట్టుకుంటుంది. మరీ దగ్గరగా కుడితే పొరలు అణిగి గాలికి చోటుండదు, బొంత అట్టవుతుంది.

ఒక్క కునుకు తీసిన = ఇది అతిశయోక్తి అని కొందరు. వాళ్లెవరూ మధ్యాహ్నం పప్పన్నం తిని బొంత ముందు కూర్చున్నవారు కారు. ఇది స్వభావోక్తి. అవ్వ లేచేసరికి సూదిలోంచి దారం జారిపోయి ఉంటుంది. ఎక్కించడానికి ‘ఒరేయ్’ అని మనవణ్ని పిలుస్తుంది. మనవడు పద్యంలో లేడు, అధ్యాహారం చేసుకోవాలి. నిజజీవితంలోనూ పిలిచినప్పుడు ఉండడు.

తాత్పర్యము: ఇంట్లో ఎవరికీ అక్కరలేని బట్టలతో, ఎవరూ లెక్కపెట్టని మధ్యాహ్నాలతో కుట్టిన బొంత కప్పుకుంటే చలి తోక ముడుస్తుంది.

విశేషములు: కన్నడిగులు కౌది అనీ, మరాఠీలు గోధడి అనీ, బెంగాలీలు కాంథా అనీ ఈ విద్యనే సాధించారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే చోట నల్లజాతి స్త్రీలు అరిగిన పనిబట్టలతో కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాలలో గోడలకు వేలాడదీసి చూపారు. గోడకు చలి వేస్తుందా అని అవ్వ ఆక్షేపణ. సమాధానం దొరకలేదు.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి సాహసం చేయలేదు.

పాఠాంతరము: నాలుగో పాదానికి ‘బొంత నుతుకువారి నడుము విరుగు’ అని కోడలి ప్రతిలో ఉంది. నీళ్లు పీల్చిన బొంతను ఇద్దరు చెరో కొసా పట్టి పిండినా బరువు దిగదు కనుక అర్థం కుదురుతుంది. గణాలూ సరిపోయాయి. యతి మాత్రం తప్పింది. కాబట్టి ఇది కవి పాఠం కాదు, దండెం దగ్గర నిలబడి ఎవరో అన్న మాటేనని పండితుల నిర్ణయం.