కదిరి పోని బస్సు

మా నల్లమాడలో కదిరి బస్సు ఎక్కితే కిటికీల పైన "స్త్రీలకు మాత్రమే" అని రాసి ఉంటుంది. ఆ రాత కింద ఎప్పుడూ ఒక మగ పెద్దమనిషి కూర్చునే ఉంటాడు. కండక్టరు లేపితే లేస్తాడు, లేపకపోతే కదిరి దాకా నిద్ర నటిస్తాడు. అయినా ఆ రాతకో అర్థముంది. ఆ సీట్లో కూర్చున్న ఆడమనిషి కూడా కదిరికే పోతుంది. వెనక సీటాయన ఎన్ని గంటలకు దిగితే ఈమె అన్ని గంటలకే దిగుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం పుణ్యాన ఆమెకు టికెట్టు డబ్బులు కూడా లేవు.

ఇప్పుడొక మహానుభావుడు వచ్చి, "అమ్మా, ఈ తోపులాటలో మీరు పడలేరు. మీకోసం వేరే బస్సు వేస్తున్నాం. రంగులేస్తాం, పూలదండలు కడతాం, టీవీలో చూపిస్తాం. కాకపోతే అది కదిరి పోదు. బస్టాండు చుట్టూ తిప్పి మళ్ళీ ఇక్కడే దించుతాం" అన్నాడనుకోండి. మా ఊరి అవ్వలు అతనికి చెప్పే సమాధానం అచ్చులో వేయడానికి ఏ పత్రికకూ ధైర్యం చాలదు.

ఆ బస్సుకు పెద్ద ఊళ్ళలో పెట్టిన పేరు మహిళల కార్ రేసింగ్ చాంపియన్‌షిప్.

2018 అక్టోబరులో ఇంగ్లండులో డబ్ల్యూ సిరీస్ అని ఒకటి ప్రకటించారు. ఆడవాళ్ళు మాత్రమే తోలే కార్ల పందెం. 2019 మే నెలలో జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో మొదలైంది. ఫార్ములా వన్‌కు ఇది మెట్టు అన్నారు. ఆ ఏడాది జేమీ చాడ్విక్ అనే ఇంగ్లీషు అమ్మాయి గెలిచింది. ఐదు లక్షల డాలర్లు చేతిలో పెట్టారు. 2020ని కరోనా మింగేసింది. 2021లో మళ్ళీ చాడ్విక్కే. 2022లో మళ్ళీ చాడ్విక్కే. పదో తరగతి మూడుసార్లు ఫస్టు క్లాసులో పాసై, మూడుసార్లూ అదే బెంచీ మీద కూర్చున్న పిల్లను మీరెక్కడైనా చూశారా? పై తరగతి వాళ్ళు చప్పట్లయితే బాగా కొట్టారు. బెంచీ మీద మాత్రం ఎవరూ జరిగి చోటివ్వలేదు.

లెక్క కూడా అలాగే కట్టారు. ఫార్ములా వన్ కారు తోలే లైసెన్సుకు 40 పాయింట్లు కావాలి. ఫార్ములా టూ గెలిచినవాడికి ఒక్క దెబ్బకు 40 వస్తాయి. డబ్ల్యూ సిరీస్ గెలిచినామెకు 15. ఇంతా చేసి, ఆ 2022 పోటీలు కూడా డబ్బుల్లేక మూడు పందేలు మిగిలుండగానే ఆగిపోయాయి. 2023 జూన్‌లో కంపెనీ దివాలా దారి పట్టింది. చాడ్విక్ ఆ ఏడే అమెరికా పోయి ఇండీ నెక్స్ట్ అనే పోటీలో మగవాళ్ళతో కలిసి కారు తోలింది. 2024లో రోడ్ అమెరికా సర్క్యూట్లో వాళ్ళందరినీ వెనక్కి నెట్టి పందెం గెలిచింది. ఆమెకు కావాల్సిన మెట్టు వేరే ఇంట్లో ఉండిందన్నమాట.

నల్లమాడలో కూర్చుని కార్ల పందేల గురించి రాయడానికి నువ్వెవరయ్యా అని అడగొచ్చు. అడగాల్సిందే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన జిల్లా మాది. మాకు తెలిసిన పందెం వానకూ శెనక్కాయ పంటకూ మధ్య జరిగేది, అందులో గెలిచేదెవరో ముందే తెలుసు. కానీ మాకూ రెండు అర్హతలున్నాయి. ఒకటి, కియా కార్ల ఫ్యాక్టరీ మా జిల్లాలోనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉంది. 2019 ఆగస్టు నుంచి సెల్టోసులు అక్కడి నుంచే బయటికొస్తున్నాయి. ఆడవాళ్ళకు వేరే క్లచ్చు, వేరే స్టీరింగు పెట్టిన కారు ఇంతవరకూ ఒక్కటీ ఆ గేటు దాటలేదు.

రెండోది ఎద్దులు. మా సీమలో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు పెడతారు. ఎద్దులకు విభాగాలుంటాయి. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. మూతి పైకెత్తి, పెదవి లాగి, వేలు పెట్టి పళ్ళు లెక్కబెట్టి మరీ రాసుకుంటారు. పళ్ళు దాచి పాలపళ్ళ విభాగంలోకి దూర్చాలని చూసే ఆసామితో పెద్ద రగడే అవుతుంది. ఇది న్యాయమైన విభజన. ఎందుకంటే పోయినేడు రెండు పళ్ళ ఎద్దు ఈ ఏడు నాలుగు పళ్ళది అవుతుంది, దాంతో పాటే విభాగమూ మారుతుంది. ఏదో ఒకరోజు సీనియర్ల బండ ముందు నిలబడుతుంది. కార్ల పందేలవాళ్ళు కట్టిన ఆడవాళ్ళ విభాగంలో మాత్రం పళ్ళు మొలవవు. ఎన్నేళ్ళు తోలినా, ఎన్నిసార్లు గెలిచినా పాలపళ్ళే. మా ఎద్దులకు ఇచ్చినపాటి గౌరవం ఆ పిల్లలకు ఇచ్చి ఉంటే బాగుండేది.

ఈ విభాగం ఎక్కడి నుంచి పుట్టిందో నాకు మొన్న మండీ ముందర అర్థమైంది. మా వీధి వదిన శెనక్కాయ మూటలేసిన ట్రాలీతో ట్రాక్టరు తోలుకొచ్చింది. సందు ఇరుకు. ట్రాలీని వెనక్కి తోసి గోదాము వాకిట్లో పెట్టాలి. ట్రాలీ రివర్సు అంటే తమాషా కాదు. స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రాలీ తోక కుడికి పోతుంది, కొంచెం ఎక్కువ తిప్పితే మధ్యలో మోకాలు విరిగినట్టు మడత పడుతుంది. టీ అంగడి దగ్గరున్న మగాళ్ళందరూ గ్లాసులు కింద పెట్టి లేచారు.

"రైటు కొట్టుమ్మా, రైటు!"

"రైటు కాదురా, లెఫ్టు! లెఫ్టు తిప్పుమ్మా!"

"నిలుపు నిలుపు, గోడ తగుల్తాది!"

ఆరుగురు డ్రైవర్లు బయట, ఒక డ్రైవరు లోపల. వదిన ఎవరి మాటా విన్నట్టు లేదు. మెడ వెనక్కి తిప్పి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ముందుకు మూరెడు లాగి, వెనక్కి ఒకే తోపు తోసింది. ట్రాలీ వాకిట్లో జానెడు వారలో నిలబడింది. అప్పుడొకాయన పెద్దరికంగా అన్నాడు, "పర్వాల్యా, ఆడమనిషైనా బాగనే తోలింది."

వదిన కిందికి దిగుతూ, "ఏం సిన్నాయనా, నువ్వు మగోడివైనా ట్రాలీ రివర్సు కొట్టలేవంట కదా!" అంది.

ఆ "ఐనా" ఉందే, మొత్తం కథ అందులోనే ఉంది. మహిళల చాంపియన్‌షిప్పులన్నీ ఆ "ఐనా" మీద లేపిన మేడలే. ఆడవాళ్ళైనా తోలుతున్నారు చూడండి, ఆడవాళ్ళైనా గేరు మారుస్తున్నారు చూడండి!

ఈ మేడకు పునాది ఈనాటిది కాదు. 1908 జులైలో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద ఆడవాళ్ళకని విడిగా ఒక కారు పందెం పెట్టారు. పేరు "లేడీస్ బ్రేస్‌లెట్ హ్యాండిక్యాప్". మ్యూరియల్ థాంప్సన్ అనే ఆమె ఆస్టిన్ కారులో గెలిచింది. బహుమతి ఏమిటో పేరులోనే ఉంది, చేతికి కడియం. మన దగ్గర చేతకానివాణ్ణి గాజులు తొడుక్కోమంటారు. అక్కడ చేతనైనామెకు తొడిగారు. తొడిగి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ట్రాకు మీద ఆడవాళ్ళను పోటీకే రానివ్వలేదు. గెలిచినందుకు అంత భయపడ్డారేమో!

1958లో ఇటలీ ఆమె మరియా తెరెసా దె ఫిలిప్పిస్ ఫార్ములా వన్ పందెంలో కారు తోలింది, మగవాళ్ళతోనే. అలా తోలిన మొదటి మహిళ ఆమె. ఫ్రాన్సు పందానికి పోతే అక్కడి పెద్దాయన ఆమెను పోటీకి రానివ్వలేదు. ఆడది పెట్టుకోవాల్సిన హెల్మెట్టు జుట్టు ఆరబెట్టుకునే పార్లరులో ఉంటుంది అన్నాడని ఆమే తర్వాత చెప్పుకుంది. ఎంత మోటు మాట అనుకుంటాం. 2023లో ఫార్ములా వన్ సొంతంగా ఎఫ్‌వన్ అకాడమీ అని ఆడపిల్లల పోటీ పెట్టింది. 2024లో ఒక కారుకు లిప్‌స్టిక్కులమ్మే షార్లట్ టిల్‌బరీ రంగులేశారు. 2025లో జుట్టు రంగుల కంపెనీ వెల్లా వచ్చి ఇంకో కారుకు తన పేరు పెట్టుకుంది. ఆ ఫ్రాన్సు పెద్దాయన మోటుగా అన్న మాటనే వీళ్ళు కాంట్రాక్టు రాసి, సంతకాలు పెట్టి, ఫొటోలు దిగి అంటున్నారు. లిప్‌స్టిక్కు కంపెనీకి ఆడవాళ్ళ కారు మీదికే మనసు ఎందుకు పోయిందో ఆలోచిస్తే ఈ పందెం ఎవరికోసమో తెలిసిపోతుంది.

"ఆడవాళ్ళకు ఒంట్లో బలం చాలదు కదండీ" అంటాడొకడు, చాలా జాలిగా. ఫార్ములా వన్ కారుకు పవర్ స్టీరింగు ఉంది. కింది మెట్టయిన ఫార్ములా టూ కారుకు లేదు. బరువైన స్టీరింగు కింద, తేలికైన స్టీరింగు పైన. ఇంక బలమంటారా, ఫ్రాన్సు ఆమె మిషెల్ మూటన్ 1981లో ఆడీ క్వాట్రోలో శాన్‌రెమో ర్యాలీ గెలిచింది. 1982లో పోర్చుగల్, గ్రీసు, బ్రెజిల్ ర్యాలీలు గెలిచి ప్రపంచ చాంపియన్‌షిప్పులో రెండో స్థానంలో నిలిచింది. మట్టి రోడ్డు, రాళ్ళు, మంచు, దుమ్ము. అంటే దాదాపు మా ఊరి రోడ్లు, మంచొక్కటే తక్కువ. మగవాళ్ళతో కలిసి తోలే అంతదూరం పోయింది.

అసలు చాలనిది బలం కాదు, డబ్బు. ఈ మాట ఎవరూ గట్టిగా అనరు. డబ్ల్యూ సిరీస్‌కు ఒక మంచి మాట చెప్పాలంటే ఇక్కడే చెప్పాలి. ఆ పిల్లల దగ్గర పైసా తీసుకోకుండా కార్లిచ్చింది. ఎఫ్‌వన్ అకాడమీ మొదటి ఏడాది ఒక్కో అమ్మాయిని లక్షా యాభై వేల యూరోలు తెచ్చుకోమంది. మరో లక్షా యాభై వేలు తాము వేస్తామంది. అప్పటి లెక్కన ఒక్కో పిల్ల ఇంటి నుంచి కోటీ ముప్పై లక్షల పైమాటే. మెట్ల వరసలో ఇది అడుగు మెట్టు, ఫార్ములా ఫోర్ స్థాయి కారు.

మగవాళ్ళ సంగతీ చూద్దాం. మన విజయ్ మాల్యా గారి ఫోర్స్ ఇండియా టీము 2018లో అప్పుల్లో కూరుకుపోతే కెనడా కోటీశ్వరుడు లారెన్స్ స్ట్రోల్ నలుగురిని కూడగట్టుకుని కొనేశాడు. మరుసటి ఏడాది ఆ టీము కారులో ఆయన కొడుకు లాన్స్ కూర్చున్నాడు. ఆ అబ్బాయికి తోలడం రాదని నేననను, వచ్చు. కానీ దాన్ని "నాన్న ఉన్నవాళ్ళ విభాగం" అని ఎవరూ పిలవలేదు. దానికి ట్రోఫీ లేదు, లిప్‌స్టిక్కు లేదు, టీవీలో జాలి మాటలు లేవు. అది మామూలు పందెం. ఆడపిల్లలదే "ప్రత్యేకం".

మన తెలుగు నేల మీదికి వద్దాం. 2022 నవంబరులో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్డు మూసి ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు తిప్పారు. ఆరు జట్లు. ప్రతి జట్టులో నలుగురు డ్రైవర్లు, వాళ్ళలో ఒకరు మహిళ అయి తీరాలి. ఇది మా బస్సు పద్ధతి. అదే బస్సు, అదే ఊరు, సీటు మాత్రం ఆమెకు. మెచ్చుకోవాల్సిందే. ఒక్క చిక్కు. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అని మన ఊరి పేరు పెట్టుకున్న జట్టులో ఆ సీట్లో కూర్చుంది ఫ్రాన్సు అమ్మాయి లోలా లోవిన్‌ఫోస్. ఆ అమ్మాయి తప్పేం లేదు, బాగా తోలుతుంది. 2024లో ఆ లిప్‌స్టిక్కు కారు తోలిందీ ఆమే. హైదరాబాదు జట్టులో మగవాళ్ళతో కలిసి పోటీ పడిన పిల్ల ఎఫ్‌వన్ అకాడమీకి పోయేసరికి ఆడవాళ్ళ బస్సెక్కాల్సి వచ్చింది. మన పిల్లల సంగతంటారా, తెలుగు ఇళ్ళలో మగపిల్లాడికి పదిహేనేళ్ళకే బండి తాళాలిస్తాం. ఆడపిల్లకు స్కూటీ కొనిచ్చి, "స్పీడు పోవద్దమ్మా" అని రోజూ పొద్దున అష్టోత్తరం చదువుతాం. 2023 ఫిబ్రవరి 11న అదే సాగరం ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. రాష్ట్రమంతా పండగ చేసుకుంది. స్టీరింగు పట్టినవాళ్ళందరూ మగవాళ్ళే. ఎవరికీ లోటు కనబడలేదు.

చిన్నపిల్లలు చూసి నేర్చుకుంటారు కదా, ఆదర్శం కావాలి కదా అంటారు. కావాలి. అయితే ఆ పిల్ల టీవీలో చూసి నేర్చుకునేదేమిటి? నువ్వు బాగా తోలితే మిగతా ఆడవాళ్ళ కంటే ముందుంటావని. ఎఫ్‌వన్ అకాడమీ ఈమధ్య కొంచెం దారికొచ్చింది. రెండేళ్ళకు మించి అందులో ఉండకూడదంది. 2024లో గెలిచిన ఆబీ పుల్లింగ్‌కు ఆ మరుసటి ఏడు మగవాళ్ళతో కలిసి తోలే జీబీత్రీలో సీటు ఇప్పించింది. పళ్ళు చూడటం మొదలుపెట్టారన్నమాట. మంచిదే. కానీ ఫార్ములా వన్ టీములు 2025 దాకా పది, 2026 నుంచి పదకొండు. సీట్లు ఇరవై రెండు. "స్త్రీలకు మాత్రమే" అని ఒక్క సీటు పైన రాయమంటే మాత్రం, మా కదిరి బస్సులో పెద్దమనిషి నటించే నిద్రే అందరూ నటిస్తారు.

ఇటలీలో లెల్లా లోంబార్డి అని ఒకామె ఉండేది. వాళ్ళది మాంసం కొట్టు. ఆ కొట్టు సరుకు చేరవేసే వ్యాను తోలి చేయి తిప్పుకుందంటారు, మా వదిన ట్రాలీ మీద తిప్పుకున్నట్టే. ఎవరూ వేరే పందెం పెట్టలేదు. 1975లో స్పెయిన్ గ్రాండ్ ప్రీలో మగవాళ్ళ మధ్య ఆరో స్థానంలో నిలిచింది. ప్రమాదం జరిగి పందెం మధ్యలో ఆపేశారు కాబట్టి సగం పాయింటే వచ్చింది. ఫార్ములా వన్ చరిత్ర మొత్తంలో ఆడవాళ్ళ ఖాతాలో ఉన్నది ఆ సగమే. ఆమె చివరి పందెం ఆస్ట్రియాలో, 1976 ఆగస్టు 15న. ఆ రోజు తర్వాత ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ పందెంలో మరో ఆడమనిషి కారు బయలుదేరలేదు.