ఏకాంగవీరుడు

కృష్ణవేణి సముద్రమున గలియు హంసలదీవి ప్రాంతమున, మాఘపూర్ణిమనాడు స్నానార్థులతో నేల యీనినట్లుండుట దప్ప, తక్కిన దినములలో వేణుగోపాలస్వామికిని ఉప్పుగాలికిని దప్ప వేరొకరికి సందడి లేని యా చోట, "నాకు కాస్త ఏకాంతం కావాలండీ" యని యొక యువకుడు మొరపెట్టుకొనుట దూరపువారికి వింతగా దోపవచ్చును గాని, దివిసీమలో పుట్టి పెరిగినవారు నవ్వరు. జనము పలుచగా నున్నచోటనే యొక్కొక్కని గూర్చి తక్కినవారికి దెలిసినది మెండు. వాని జీతమెంత, ఇంకను పెండ్లి యేల కాలేదు, నిన్న మోపిదేవిలో నెవరితో మాటాడినాడు అను వార్తలన్నియు వానికంటె ముందుగా కరకట్టమీద నడచి యింటికి జేరును. ఇట్టివానికి మిగిలిన నిర్జనప్రదేశము కంప్యూటరు తెరలోపలిది యొక్కటే.

మా ఏకాంగవీరుడు (కోడూరున నొకడు, నాగాయలంకలో నొకడు, అవనిగడ్డలో వీధికొకడు చొప్పున నుండుటచే పేరుతో పనిలేదు) ఇంజనీరింగు చదివి, హైదరాబాదు కంపెనీ కొలువును ఇంటినుండియే వెలగబెట్టుచు, పగలు ప్రోగ్రాములు వ్రాసి రాత్రులు రాక్షససంహారము చేయును. ఆతని యాటయందు కోటలు, అడవులు, మంత్రగాండ్రు, డ్రాగన్లు సమస్తమును గలవు. రెండవ మనుష్యుడు మాత్రముండరాదు. 2011 నవంబరు 11న వెలువడిన స్కైరిమ్ ఆతనికి నిత్యపారాయణము. అందు లిడియా యను అంగరక్షకురాలు వెంటనడచుచు, ఈతడు గుహలలో కొల్లగొట్టిన కత్తులను, డాళ్లను, జున్నుచక్రములను మోయును; గొంతులో కొంచెము విసుగు ధ్వనించినను మోయక మానదు. తల్లి కరివేపాకు కోసుకొని రమ్మన్న వినబడని ఈ మహానుభావుడు, ఆటలో ముక్కుమొగ మెరుగని ముసలివానికై కొండలు దాటి మూలికలు దెచ్చిపెట్టుటను నేను కన్నులార జూచితిని.

కరెంటు పోవుట ఈతని రాజ్యమున ప్రళయము. ఇంటివెనుక రొయ్యల చెరువులో ఏరియేటర్లు ఆగినచో తెల్లవారుసరికి సరుకంతయు తేలిపోవును గనుక తండ్రి జనరేటరు నొకదానిని సిద్ధపరచియుంచెను. కుమారుడు దానినుండి తన గదికొక తీగ లాగికొనెను. అప్పటినుండి రొయ్యలకు ప్రాణవాయువును, వీరునకు ప్రాణములును ఒక్క డీజిలు డబ్బానుండియే సరఫరా యగుచున్నవి. తల్లికి మాత్రము ఒంటరి యాటయెడ పక్షపాతము మెండు. అన్నమునకు బిలిచినపుడు కుమారుడొక మీట నొక్కగనే, రాక్షసుడు లేపిన గద లేపినట్లే నిలిపి, పప్పుచారు ముగిసి మజ్జిగ త్రాగి వచ్చువరకు కదలకుండును. తన యత్తవారివైపు చుట్టములలో ఇంత మర్యాదస్థుని చూడలేదని యామె యనుచుండును.

ఆ మాట గురిపెట్టబడినది ఆడబిడ్డ కుమారునిమీద. వాడు అవనిగడ్డ నివాసి, వీరునకు వరుసకు బావమరిది, స్వభావమున సంఘజీవి. 2004లో బుట్టి నేటికిని చావని వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆన్‌లైను ఆటయందు వాడొక గిల్డు (ఆటగాండ్ర సంఘము) సభ్యుడు. ఆ యాట తొలినాళ్లలో మోల్టెన్ కోర్ అను అగ్నిగహ్వరమును సాధింప నలువదిమంది యేకకాలమున గూడవలసియుండెను. ముందు నిలిచి దెబ్బలు కాయువారు కొందరు, గాయములు మాన్పువారు కొందరు, కొట్టువారు తక్కినవారు. ఓడినచో తప్పంతయు మాన్పువారిది; గెలిచినచో దొరికిన ఖడ్గ మెవరిదని తెల్లవార్లు పంచాయతీ. నేడు గుంపులు చిన్నవైనను పంచాయతీ చిన్నది కాలేదు. అన్నమునకు లెమ్మని పిలిచిన తల్లికి, "నేను లేస్తే వాళ్లందరూ చస్తారే!" యని వాడిచ్చు జవాబు వీధి చివరకు వినబడును. ఇక నెట్టు మందగించెనా, వాడిక్కడ విసరిన వ్రేటు దూరదేశపు సర్వరునకు జేరులోపల రాక్షసుడు ఇతరులచేత జచ్చి చల్లబడియుండును.

ఈ పద్ధతిపై ఏకాంగవీరుని ఆక్షేపణ గట్టిది. 1951లో నిమ్మకూరు రామారావుగారు పాతాళభైరవి చిత్రమున తోటరాముడైనప్పుడు లోకమున తోటరాముడొక్కడే యుండెను గనుక అది కథయైనది. నలువదిమంది తోటరాముళ్లు వరుసగట్టి నిలువగా, నేపాళ మాంత్రికుడు ఒకనిచేత జచ్చి, లేచి, దుమ్ము దులుపుకొని, తరువాతివానిచేత జచ్చుటకు సిద్ధపడునేని అది రేషను దుకాణము గాని సాహసము గాదని ఆతని వాదము. వాదము ముదిరినపుడు చరిత్రయు దీయును. 1997లో అల్టిమా ఆన్‌లైన్ ఇంకను పరీక్షదశలో నుండగా, దాని కర్త రిచర్డ్ గారియట్ లార్డ్ బ్రిటిష్ అను రాజవేషమున ప్రజలకు దర్శనమిచ్చుచు, తనకు చావు రాకుండ జేయు నేర్పాటును మరచినందున, ప్రజలలో నొకడు మంత్రించిన మంటలో మాడిపోయెను. "గుంపులోకి దిగితే రాజుకే దిక్కులేదు బావా!" యని వీరుడు విజయగర్వమున జూచును.

రిచర్డ్ బార్టిల్ అను ఆంగ్లేయుడు, 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయమున మొదలైన తొలితరపు సామూహిక కంప్యూటరాట నిర్మాతలలో నొకడు, 1996లో ఆటగాండ్రను నాలుగు పేకరంగులుగా విభజించెను: సంపాదించువారు డైమను, స్నేహము జేయువారు ఆఠీను, ఇతరులను బాధించువారు కళావరు, మూలమూలలు త్రవ్వి చూచువారు ఇస్పేటు. పేకభాష కొత్తగాని మన జిల్లాలో ఇది క్షణమున నాటుకొనును. మావాడు తానిస్పేటునని చెప్పుకొనును. కాని ఆ పంపకము నలుగురితో గూర్చున్నవారికి. గదిలో గడియపెట్టుకొన్నవానికి బార్టిల్ ముక్క వేయలేదు.

ఇంతటి వాదవీరుని నోరు మూయించినది బావమరిది యడిగిన చిన్న ప్రశ్న: "నువ్వు గెలిచావనడానికి సాక్షి ఎవరు బావా?"

ఇక్కడనే మావాని గుట్టున్నది. రాత్రి రెండుగంటలకు డ్రాగనును గూల్చిన ఏకాంతప్రియునకు తెల్లవారువరకు నిదుర రాదు. తెల్లవారగనే కోడూరు టీకొట్టున బ్రత్యక్షమగును. అచట ఐసు లారీకై కాచియుండు చేపల వ్యాపారి, యూరియా వచ్చెనో లేదో కనుగొనవచ్చిన రైతు, ఏ పనియు లేని నేను ఆతనికి జిక్కుదుము. "బాబాయ్, రాత్రి లిడియా లేకపోతే నేను లేను" అని ప్రారంభించి, మంచుకొండ, గుహ, అస్థిపంజరములు, విషబాణము, ఒక్కటియు విడువక, టీ చల్లారి మీగడ గట్టువరకు వర్ణించును. ఒంటరిగా నాడినది నాలుగు గంటలు. ఊరినంతయు గూర్చుండబెట్టి యాడించునది దినమంతయు. సంఘజీవి గిల్డులో నైన నచ్చనివాడు వైదొలగవచ్చును; టీకొట్టు బల్లమీదినుండి, టీ డబ్బులు తానే యిత్తునని వీరుడు ముందే ప్రకటించినపిమ్మట, లేచుటెట్లు?

ఫలితము ఊహింపదగినదే. సగము విన్న పెద్దమనిషి యొకడు కరకట్టమీదుగా పోయి తల్లికి జెప్పెను: "మీవాడు లిడియా అనే పిల్లతో కొండలూ గుహలూ తిరుగుతున్నాడంట, సామానంతా ఆ పిల్లే మోస్తుందంట!" ఆ యిల్లాలు కోపించుకొనలేదు. ఆ రాత్రి వడ్డించుచు, మిగుల సౌమ్యముగా, "పిల్ల ఏం చదివిందిరా?" యని యడిగెను.

2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఈ వైరమునకు సంధి గూర్చుటకే వచ్చెనా యన్నట్లు, ఒంటరిగ నాడవచ్చును, నలుగురు గూడియు నాడవచ్చును. సంక్రాంతికి వచ్చిన బావమరిది పట్టుబట్టగా, ఎవరితోనైనను సంభాషణము తానే జరుపుదునను నియమముపై వీరుడంగీకరించెను. ఆతడొక వర్తకునితో అతివినయముగా రాజకార్యము ముచ్చటించుచుండ, "నువ్వు మాట్లాడుతూ ఉండు బావా" యని వెనుకనుండి వాడా వర్తకుని జేబుగొట్టి పట్టుబడెను; ఊరి కావలివాండ్రు ఇరువురిమీద బడిరి. కనుమ గడవగనే, గిల్డువారు పిలుచుచున్నారని బావమరిది బస్సెక్కిపోయెను. అయితే, ఆ యాటలో తోటివాడు పోయినను వాని పాత్ర గుంపులోనే నిలుచును. నడిపించు భారము మిగిలినవానిది. వీరుడు తన కత్తులను, డాళ్లను, కవచములను అన్నిటిని ఆ పాత్రకెత్తి, మున్నెన్నడును లేని ప్రసన్నతతో నాడుచుండ తల్లి చూచి, "వాడు అవనిగడ్డ వెళ్లిపోయాడు కదరా, ఎవరితో ఆడుతున్నావు?" అనెను.

"మనిషే వెళ్లాడమ్మా. బావమరిది ఇక్కడే ఉన్నాడు. ఇప్పుడు చాలా మంచివాడు."