ఫోన్లూ మరుగుదొడ్లూ: ఒక లోకవాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ఈ దేశంలో మరుగుదొడ్ల కన్నా ఫోన్లే ఎక్కువ.

అవతారిక: 2011 జనగణనలోని ఇళ్ల వసతుల పట్టికలు 2012లో వెలువడిన నాటి నుంచి ఉపన్యాసకుల నోట నానుతున్న ఈ వాక్యం, అర్థం విప్పి చెప్పనక్కర లేదన్న భ్రమను కలిగించడం చేతనే వ్యాఖ్యకు పాత్రమైంది.

టీక: ఈ దేశంలో = 2011 నాటి భారతదేశంలోని సుమారు 24.67 కోట్ల కుటుంబాలలో; మరుగుదొడ్ల కన్నా = ఆవరణలోనే మరుగుదొడ్డి గల నూటికి 46.9 కుటుంబాల కన్నా; ఫోన్లే = ల్యాండ్‌లైనో సెల్లో ఏదో ఒకటి గల నూటికి 63.2 కుటుంబాలే; ఎక్కువ = అధికం. లెక్కకెక్కినవి కుటుంబాలే గాని ఫోన్లు కావు గనుక, ఒకే ఇంట నాలుగు సెల్లులు మోగినా పట్టికలో పడేది ఒక్క గీతే. ఇలా ఒక వసతి గలవారి సంఖ్యను మొత్తంతో భాగించగా వచ్చేదానికి సాపేక్ష పౌనఃపున్యమని పేరు. సంభావ్యతను అంచనా కట్టడానికి సర్వేకారులకు అదే ఆధారం.

తాత్పర్యం: ఫోనున్న ఇళ్లలో మరుగుదొడ్లు లేవని లోకులు చెప్పుకొనే భావం మూలంలో లేదు. అది షరతుతో కూడిన సంభావ్యతకు చెందిన మాట; అనగా ఫోను గల కుటుంబాలను మాత్రమే హారంగా నిలిపి (హారమనగా ఇచ్చట మెడలోనిది కాదు, గీత కిందిది), వాటిలో మరుగుదొడ్డి కూడా గలవాటిని లవంగా పైన ఉంచి భాగించవలసినది.

విశేషం: ఆ లవమే మూలంలో లోపించింది. 63.2నూ 46.9నూ కూడితే 110.1 వస్తుంది గనుక, నూరు దాటిన 10.1 కుటుంబాలకైనా రెండు వసతులూ ఉండక తప్పదు, 46.9కి మించి ఉండడానికీ వీలు లేదు. కాబట్టి ఫోనున్న ఇంట మరుగుదొడ్డి ఉండే సంభావ్యత నూటికి 16 మొదలు 74 వరకు ఎంతైనా కావచ్చు, ఏ ఉపన్యాసమైనా సుఖంగా దూరగల సందు ఇది. షరతును తిరగవేసి, మరుగుదొడ్డి గల ఇళ్లలో ఫోను గలవెన్నని అడిగితే లవం మారదు గాని హారం 46.9 అవుతుంది, ఫలితం 21.5 మొదలు 100 వరకు సాగుతుంది. వాక్యకర్తకు న్యాయం చేయవలెనంటే, ఆనాడు నూటికి కనీసం 16.3 కుటుంబాలకు ఫోనుండీ మరుగుదొడ్డి లేదన్నది మాత్రం నిర్వివాదం.

పాఠభేదం: “ఫోనుంటే దొడ్డి ఉండదు” అన్న పాఠం ప్రక్షిప్తం. ఒకే గడపలో, ఒకే ఫారం మీద రెండు ప్రశ్నలూ అడిగారు గనుక, లోపించిన లవాన్ని ఆ ఫారాలలోనే వెదకవలెను.