బావమరిదీ, ఒక మందారం

పది రోజులుగా ముసురు. పది రోజులుగా మా బావమరిది ఫోనూ ఆగడం లేదు. "బావా, మీ కెమెరాలో రంగులు అయిపోయాయా?"

వాన వెలిసిన పావుగంటకల్లా నేను పెరట్లో మోకాళ్ల మీద ఉంటాను. పంచె నిండా బురద, చెవి దగ్గర దోమ. నందివర్ధనం రేకు చివర ఒక చినుకు, జారనా వద్దా అన్నట్టు వేలాడుతూ ఉంటుంది. ఊపిరి బిగపట్టి మీట మీద వేలు పెడతానా, సరిగ్గా అప్పుడే మా ఆవిడ చెయ్యి అడ్డం వచ్చి పువ్వు తుంపుకుపోతుంది. "పూజకండీ!" దేవుడితో పోటీపడే స్తోమత నాకెక్కడిది?

అయినా, నేను తీసేది నలుపు తెలుపుల్లోనే కనుక నందివర్ధనంతో పేచీ లేదు. తెల్ల పువ్వు, వెనక తడిసి నల్లబడ్డ ఆకు. కొంప ముంచింది మందారం. కంటికి నిప్పులా కనబడే ఆ ఎరుపు, రంగు తీసేసేసరికి చుట్టూ ఉన్న ఆకుల బూడిదలోనే కలిసిపోయింది. రంగులో ఆమడ దూరమున్నా వెలుగులో ఆ రెండూ ఇంచుమించు ఒకటే మరి. ఫొటో పంపితే బావమరిది, "బావుంది బావా, తోటకూరా?" అన్నాడు.

ఆ తోటకూర నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. లెన్సు ముందు ఎర్ర ఫిల్టరు పెడితే ఎరుపు తెల్లగా తేలుతుంది, ఆకు నల్లబడుతుంది. ఫిల్టరు లేదు కనుక, ఎవరిదో పళ్లబుట్టకి చుట్టొచ్చిన ఎర్ర ప్లాస్టిక్ కాగితం అడ్డం పెట్టాను. మందారం తెల్లగా వచ్చింది. "అప్పడమా?" అన్నాడు. పంతం కొద్దీ పచ్చ కాగితం పెట్టాను. పువ్వు నల్లబడింది. "మాడింది బావా."

1957లో వచ్చిన 'మాయాబజార్'లో కెమెరామన్ మార్కస్ బార్ట్లే రంగన్నది లేకుండానే వెన్నెల కాయించలేదా అని దబాయించాను. "అందుకేగా 2010లో దానికీ రంగులేశారు!" అన్నాడు. ఏం చెప్పను? ఈ కాలం ఫోన్లు మందారాన్ని మందారం కన్నా ఎర్రగా తీస్తాయి. అందరికీ అదే ముద్దు. రేకు మీది ఈనె, చినుకు బరువుకి వంగిన కాడ ఎవడికి కావాలి?

అంత రోషంగా అన్నానే గానీ, మొన్న అమ్మ పెళ్లి ఫొటో దులుపుతుంటే చెయ్యి ఆగింది. జడలో పూలదండ. తెల్లవి మల్లెలని తెలుస్తూనే ఉంది. వాటి మధ్య ముదురు బూడిదగా ఉన్నవి మరువమా, కనకాంబరాలా? అమ్మనడిగాను. కళ్లజోడు పెట్టుకుని, ఫొటో వెలుతురుకి తిప్పి చాలాసేపు చూసింది.

"ఏమోరా. గుర్తులేదు."

నిన్న వాన వెలిశాక మందారాన్ని ఒక్కటి రంగుల్లో తీశాను. మా బావమరిదికి చెప్పకండి.