పన్నెండు గంటలు ఎటువైపు?

క్యాథ్‌ల్యాబ్‌లో నన్ను ఐవస్ అంటారు. మిల్లీమీటరు లావు గొట్టం, కొసలో పిసరంత ట్రాన్స్‌డ్యూసర్. నిమిషానికి 1800 చుట్లు తిరుగుతూ గుండె రక్తనాళాన్ని లోపలి నుంచి అల్ట్రాసౌండ్‌తో చూపిస్తాను. యాంజియోగ్రామ్‌కు డై పారే దారి ఒక్కటే తెలుసు. గోడలో ఎంత కొవ్వు పేరుకుందో, ఎంత సున్నం పట్టిందో చెప్పేది నేను. ఇన్ని గొప్పలు పోయే నాకూ "పైవైపు ఎటు?" అంటే నోరు పెగలదు.

తెర మీద నా బొమ్మ గుండ్రం. దిక్కులు గంటల్లో చెబుతారు. "మూడు గంటల దగ్గర సున్నం ఉంది సార్" అంటాడు టెక్నీషియన్. ఆ మూడు గుండె కండరం వైపా, బయటి వైపా? నన్ను తిప్పే మోటారు ఎక్కడో ఒంటి బయట, మధ్యలో మీటరుకు పైగా సన్నటి తీగచుట్ట. పాత స్కూటర్ స్పీడోమీటర్ కేబుల్ లాంటిదే. వంపులన్నీ దాటేసరికి మోటారు కోణం వేరు, నా కోణం వేరు. మెలిక మరీ బిగిస్తే ఒక్క చుట్టులోనే కాసేపు నత్తనడక, కాసేపు పరుగు. బొమ్మ ఒకపక్క సాగిపోతుంది.

తిరగకుండానే చుట్టూ చూసే దాయాదులు నాకున్నారు. 1972లో రాటర్‌డామ్‌లో నికొలాస్ బోమ్ బృందం క్యాథెటర్ గొట్టం కొస చుట్టూ 32 అల్ట్రాసౌండ్ ఎలిమెంట్లు అమర్చింది. తర్వాతి తరాలకు 64 వచ్చాయి. వాళ్లలో ఒకడికి సూది కూడా ఉంది, సరిగ్గా 12 గంటల దగ్గర. మూసుకుపోయిన కాలి నాళంలో క్యాథెటర్‌కు దారి చూపే సన్నటి తీగ, అదే గైడ్‌వైరు, గోడ పొరల్లోకి దారి తప్పితే, డాక్టరు వాణ్ణి మెల్లగా తిప్పి, అసలు దారి తెర మీద 12 దగ్గరికి రాగానే సూది దింపుతాడు. దిక్కు వాడికి పుట్టుకతోనే వచ్చింది. కుళ్లుగా ఉండదూ!

నాకు ఆనవాళ్లే గతి. గుండె ముందువైపు దిగే ఎల్‌ఏడీ నాళంలో డయాగనల్ కొమ్మలు ఒకవైపు, సెప్టల్ కొమ్మలు మరోవైపు చీలతాయి. వాటిని చూసి బొమ్మను తిప్పుకుంటారు. కొమ్మలే కనబడనిచోట?

అక్కడ ఆదుకున్నది గైడ్‌వైరు. నా పక్కనే ఆనుకుని పోతూ, బొమ్మలో ఓ ముక్కను నల్లటి నీడతో మింగేస్తుందని అందరూ తిట్టుకున్న వైరే. అది ఎక్స్‌రేలోనూ కనిపిస్తుంది మరి! ఎక్స్‌రే యంత్రం చేయి, సీ-ఆర్మ్‌ను తిప్పుతూ పోతే ఒక కోణంలో వైరూ నేనూ ఒకే గీతగా కలిసిపోతాం. అక్కడి నుంచి 90 డిగ్రీలు తిప్పితే ఇద్దరం విడిపోయి, వైరు నాకు ఏ పక్కనుందో బయటపడుతుంది. నా బొమ్మలో నీడను ఆ పక్కకే తెస్తే మిగతా గోడంతా దాని వెంటే సర్దుకుంటుంది. పూర్తిగా మూసుకుపోయిన నాళంలో రెండో వైరు మొనను ఎటు వంచాలో ఆ నీడను బట్టే తేలుస్తున్నారు.