చక్రవర్తుల అరకు దండయాత్ర

విశాఖపట్నం నుంచి అరకు దాకా ఉన్నది తారురోడ్డు. దూరం సుమారు 115 కిలోమీటర్లు. ఈ సంగతిని ఎవరో పనిగట్టుకుని దాచిపెట్టినట్టున్నారు. లేకపోతే శనివారం తెల్లవారేసరికి శృంగవరపుకోట దాటి అన్ని యుద్ధరథాలు కొండెక్కవు. వెనక తలుపుకు పార, టాపు మీద ఖాళీ డీజిల్ క్యాన్లు, ముందు బంపర్‌కి వించి, కింద నాలుగు ఆల్ టెర్రైన్ టైర్లు. టైరు పక్కన కంపెనీ పేరు తెల్లటి అక్షరాల్లో మెరవాలి, అందుకని దారిలో రెండుసార్లు ఆపి తడిగుడ్డతో తుడవడం కూడా జరుగుతుంది. అనంతగిరి మలుపుల్లో ఈ రథం మొదటి గేరులో మూలుగుతుంటే, వెనక నుంచి హారన్ కొట్టుకుంటూ ఆర్టీసీ బస్సు దాటుకుపోతుంది. దాని టైర్లు ఆర్టీసీ సొంత షాపులో రీట్రెడ్ చేసినవైనా కావచ్చు. పాపం, ఆ బస్సుకు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా లేదు.

టైర్ల షాపులో వినిపించే మాట ఇది: "సార్, ఇవి వేయించాక ఇక మీరు రోడ్డు వెతుక్కోనక్కర్లేదు." రాయి, బురద, ఇసుక, మంచు, తారు అన్నిటికీ ఒకటే మందు. సంతలో గొడుగు కింద కూర్చుని సర్వరోగ నివారిణి అమ్మేవాడు కూడా ఇంత ధైర్యం చేయడు, కనీసం పథ్యం చెబుతాడు. టైరువాడు చెప్పని పథ్యం నేను చెబుతాను. ఈ టైరు మీద బటన్లు ఎత్తుగా, వాటి మధ్య సందులు వెడల్పుగా ఉంటాయి. సందు ఎక్కువైన కొద్దీ తారు మీద ఆనే రబ్బరు తగ్గుతుంది. వాన పడ్డ ఘాట్‌లో బ్రేకు తొక్కితే మామూలు హైవే టైరు ఆగే చోట ఇది ఆగకపోవచ్చు, ఇంకాస్త ముందుకు పోయి ఆగుతుంది. ఆ 'ఇంకాస్త' దగ్గర లోయ ఉంటుందా, రక్షణ గోడ ఉంటుందా అన్నది మీ జాతకం. బరువు ఎక్కువ, మైలేజీ తక్కువ, రొద ఉచితం.

వీటిలో కొన్నింటి మీద ఓ బొమ్మ ఉంటుంది: మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచురేకు. గట్టిపడ్డ హిమం మీద బండిని ముందుకు లాగే పరీక్షలో నెగ్గిన టైరు అని దాని అర్థం. దాన్ని అదనపు డబ్బిచ్చి కొని లంబసింగి వెళతారు. ఆంధ్రా కాశ్మీర్ అని ఎవరో ముద్దుగా పిలిస్తే టైరు కూడా నమ్మేసింది మరి. వంజంగిలో చూడాల్సినవి మబ్బులు, వాటి మీద నడిచే టైరును ఏ కంపెనీ ఇంకా తయారుచేయలేదు. పైగా కొండ మీదికి చివరి ఎక్కుడు కాలినడకే.

నిజంగా గట్టి నేల కావాలంటే ఇక్కడ లేదని కాదు. తూర్పు కనుమల రాయి పేరు ఖొండలైట్, ఈ కొండల్లోని ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అందులో గార్నెట్ గింజలుంటాయి, గరుకు కాగితంలో వాడే గార్నెట్టే. విరిగిన చోట దాని అంచు కత్తిలా ఉంటుంది. ఆ రాయి కోసేది మీరు ముచ్చటపడి కొన్న బటన్లను కాదు, టైరు పక్కగోడను. పక్కగోడ తెగితే పంచరు వేయడం కుదరదు, స్టెప్నీ దించాల్సిందే. వీడియో చూసి గాలి సగానికి దించేసిన వీరుడి పక్కగోడ మరింత ఉబ్బి బయటికొస్తుంది, రాయికి ఇంకా సులువు. వానాకాలంలో మరో తమాషా. ఎర్రమట్టి బటన్ల సందుల్లోకి దూరి గట్టిగా కూరుకుపోతుంది. పది గజాలు వెళ్లేసరికి అంత ఖరీదైన టైరు గుండు టైరవుతుంది.

పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు దారుల్లో తిరిగే పాత సర్వీసు జీపును ఒకసారి వంగి చూడండి. సన్నటి 6.00-16 నైలాన్ టైరు, లోపల ట్యూబు. దాని సన్నదనమే దానికి బలం: పైపొర బురదను కోసుకుని కిందున్న గట్టి నేలను పట్టుకుంటుంది. పక్కగోడ మందం. రిమ్ము కాస్త వంగినా ట్యూబు గాలి నిలుపుతుంది, ఎక్కడైనా రెండు టైరు లీవర్లతో ఊడదీసి పంచరు వేసుకోవచ్చు. ఎక్కుడులో తోసేది వెనక చక్రాలు గనక మంచి జత వెనక్కి పోతుంది. పదిమంది కూర్చోవాల్సిన బండికి ఇరవైమంది వేలాడుతున్నారు, టైరు అరిగిపోయింది కూడా, నేను మెచ్చుకోవడం లేదు. అది సాహసం అని దాని డ్రైవరూ అనడు. సంతకు మిరియాలు, పసుపు, కాఫీ గింజలు దింపి సాయంత్రానికి తిరిగిరావాలి, అంతే.

ఈ రోడ్లకు చరిత్ర కూడా ఉంది, తెల్ల అక్షరాల్లో కాకపోయినా. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులకు సరైన కూలి ఇవ్వలేదు. ఆ కోపం 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి దాకా నడిచింది. ఇవాళ అదే దారిలో ఆగి, కావాలని పక్కకు దిగి, బురదలో చక్రాలు తిప్పి, ఊరి కాలిబాటను రెండు గాళ్లుగా చీల్చి 'ఆఫ్‌రోడ్' అంటున్నాం. ఊళ్లవాళ్లు అడుగుతున్నది రోడ్డు. మనం డబ్బు పెట్టి కొనుక్కుంటున్నది రోడ్డు లేకపోవడం.

2022లో అల్లూరి పేరుతో పాడేరు కేంద్రంగా జిల్లా వచ్చింది. రోడ్డులేని ఊళ్ల కోసం 2018లో బైకు అంబులెన్సులు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో సుమారు 1000 కోట్ల రూపాయల 'అడవితల్లి బాట' రోడ్ల పథకం మొదలైంది. అయినా నొప్పులొచ్చిన గర్భిణిని దుప్పటి డోలీలో కర్రకు కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని, రబ్బరు చెప్పులతో వాగు దాటించే వార్త ఆగలేదు. ఆ వాగులోనే, కాస్త కింద, మన చక్రవర్తి కెమెరా కోసం మూడోసారి నీళ్లు చిమ్ముతుంటాడు. డోలీ వస్తే పక్కకు తీస్తాడనే అనుకుందాం.

టైరు మార్చే తీరాలంటే మార్చండి, మీ డబ్బు. దాని పక్కన నాలుగంకెలు వెతకండి: 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. బటన్లు నిగనిగలాడుతున్నా లోపల రబ్బరు ముసలిదయి ఉంటుంది. అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మీ టైరు ఎలాగూ అక్కడిదాకా రాదు. ఎందుకంటే రెండేళ్లకే బండి అమ్మకానికి పెడతారు. పార, వించి, ఆల్ టెర్రైన్ టైర్లు అన్నీ ఫొటోలో పెట్టి, కింద పెద్ద అక్షరాల్లో రాస్తారు: "ఒక్కసారి కూడా ఆఫ్‌రోడ్‌కి వాడలేదు."